మేమే

కాస్త పెద్ద పోస్టే. ఓపికున్నప్పుడు చదవండి.

పోయిన వారం ఒక యూనివర్సిటీ హాస్టల్లో మీటింగ్ అయిపోయాక ఇద్దరు పిల్లలు నా దగ్గరికొచ్చారు. అబ్బాయి మనోడు. అమ్మాయిది ఊళ్ళో పొలాలున్న కులం. "అన్నా, మేం ఆదర్శ వివాహం చేసుకుంటున్నాం. సంఘం తరఫున మీరే దగ్గరుండి జరిపించాలి" అన్నారు. పక్కనున్న కుర్రాళ్ళు అప్పుడే చప్పట్లు కొట్టేశారు. నేనూ "చేద్దాం" అన్నా. ఆ మాటైతే అన్నాగానీ ఆ రాత్రి నిద్ర పట్టలా.

ఆ ఇద్దరికీ జవాబుగా ఒక ముసలామె గురించి చెప్పాలి. ఆమెది మన దేశం కాదు. ఫ్రాన్సులో పుట్టింది. యుద్ధం రోజుల్లో ఒక నల్ల అమెరికన్ సైనికుణ్ణి ప్రేమించింది. అతని కోసం అమెరికా వచ్చి, డెబ్బై ఏళ్ళు అక్కడే బతికి, 2018లో తన 94వ ఏట కన్నుమూసింది. అలా యుద్ధానికొచ్చిన సైనికుల్ని చేసుకుని సముద్రం దాటి కోడళ్ళుగా వచ్చిన ఆడపిల్లల్ని అమెరికాలో 'వార్ బ్రైడ్స్' అంటారు. నేను చదువుకునేటప్పుడు రెండున్నరేళ్ళు ఆమె ఇంట్లో అద్దెకున్నా. ఆమె పేరు రాయను. వీధిలో అందరూ పిలిచినట్టే 'మేమే' అంటాను. ఫ్రెంచిలో అమ్మమ్మనీ నాయనమ్మనీ ముద్దుగా అలా పిలుస్తారు. మొదటిరోజు ఆమె మనవరాలు "మేమే!" అని కేకేస్తే, ఇక్కడ తెలుగు ఎవరు మాట్లాడారా అని తల తిప్పి చూశా.

2010 ఆగస్టులో పిట్స్‌బర్గ్‌లో దిగా. నలుగురు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఒక అపార్ట్‌మెంట్. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత ఇంటిపేరు అడిగారు. ఊరు అడిగారు. ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు అని అడిగారు. ఆ మూడో ప్రశ్న ఎందుకడుగుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. దాని తర్వాత ఎవరూ ఒక్క మాటా అనలా. వంట వంతుల్లోంచి మాత్రం నా పేరు తీసేశారు. "నీకు చదువు ఎక్కువుంది కదా మామా, మేం చూసుకుంటాంలే" అన్నారు. అంతదూరం విమానంలో వచ్చినా పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

కాలేజీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన కాగితం కనపడింది. హోమ్‌వుడ్‌లో మేడ మీద గది, నెలకి 250 డాలర్లు, చలికాలం వాకిట్లో మంచు తీయాలి. హోమ్‌వుడ్ అంటే నల్లవాళ్ళ పేట. "అటు పోమాక, డేంజర్" అని మనవాళ్ళు భయపెట్టే పేట. మా పల్లె గురించి ఊళ్ళోవాళ్ళు వాళ్ళ పిల్లలకి చెప్పేదీ అదే మాట. అందుకే వెళ్ళా.

తలుపు తీసింది తెల్లామె. ముగ్గుబుట్టలాంటి తల, నడుం కొద్దిగా వంగింది. నా పేరైనా పూర్తిగా వినకుండా "వంట వచ్చా?" అంది. వచ్చన్నా. "అయితే ఆదివారం నీ వంతు" అంది. గది చూడకుండానే డబ్బులిచ్చేశా.

ఆదివారాలు ఎండుచేపల పులుసు పెట్టేవాణ్ణి. ఆమెది రేవు పట్నం, చేపల వాసన మధ్యే పుట్టింది. లొట్టలేసుకుంటూ తినేది. తిన్నాక కాఫీ పెట్టుకుని తన కథ చెప్పేది. "మో పెతి" అని పిలిచేది నన్ను, చిన్నోడా అని. ఇక్కడ రాస్తున్నదంతా ఆ ఆదివారాల్లో విన్నదే.

ఆమె ఊరు లె హావ్ర్. సెన్ నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. నాన్న రేవులో మూటలు మోసేవాడు, అమ్మ ఇళ్ళల్లో బట్టలు ఉతికేది. 1940లో జర్మన్లు వచ్చి నాలుగేళ్ళు తిష్ఠవేశారు. 1944 సెప్టెంబరు 5న ఇంగ్లిషు విమానాలు వచ్చి ఊరి నడిమి భాగాన్ని నేలమట్టం చేశాయి. జర్మన్లని తరమడానికి వేసిన ఆ బాంబులకి సుమారు 2000 మంది ఊరి జనం చచ్చిపోయారు. ఆమె నాన్న అందులో ఒకడు. సరిగ్గా వారానికి, 12వ తారీకున, ఊరికి విముక్తి వచ్చింది. "జెండాలు ఊపే వాళ్ళు ఊపుతున్నారు. మేం ఇటుకలు తీసి నాన్న కోసం వెతుకుతున్నాం" అనేది.

తర్వాత అమెరికా సైన్యం దిగింది. లె హావ్ర్ వాళ్ళకి పెద్ద రేవైంది. చుట్టుపక్కల వేసిన గుడారాల శిబిరాలకి సిగరెట్ల పేర్లు పెట్టారు: లక్కీ స్ట్రైక్, ఫిలిప్ మోరిస్, పాల్ మాల్, ఓల్డ్ గోల్డ్. అమ్మతో కలిసి ఆమె సైనికుల బట్టలు ఉతికేది. ఆ బట్టల మూటతోనే అతను వచ్చాడు. లారీ డ్రైవర్. నార్మండీ తీరం నుంచి యుద్ధం జరిగే చోటికి పెట్రోలు, తిండి, మందుగుండు మోసిన 'రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్' లారీల్లో పనిచేశాడు. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా రాత్రింబగళ్ళు నడిచిన ఆ లారీల డ్రైవర్లలో నూటికి 75 మంది నల్లవాళ్ళే. తుపాకీ ఇవ్వడానికి మనసొప్పని సైన్యం వాళ్ళకి మోతపని ఇచ్చింది. ఆ మోతే లేకపోతే ముందున్న ట్యాంకులు కదిలేవి కావు.

హిట్లర్ జాతివాదాన్ని ఓడించడానికి వచ్చిన ఆ సైన్యంలో నల్లవాళ్ళ దళం వేరు, తెల్లవాళ్ళ దళం వేరు. పడక వేరు, తిండి వేరు. దాతలిచ్చిన రక్తాన్ని కూడా నల్ల రక్తం, తెల్ల రక్తం అని వేరువేరుగా గుర్తులేసి దాచేవారు. మన టీకొట్టు దగ్గర రెండు గ్లాసులుంటే, వాళ్ళ దగ్గర రెండు రక్తాలు. సైన్యంలో ఈ వేర్పాటు పోవాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జులై 26న, యుద్ధం ముగిసిన మూడేళ్ళకి.

పెళ్ళి చేసుకోవాలంటే సైనికుడు పై అధికారి అనుమతి తీసుకోవాలి. తెల్ల సైనికులకి అది కాగితప్పని. నల్ల సైనికుడు తెల్ల పిల్లని చేసుకుంటానంటే ఆ కాగితం కదిలేది కాదు. ఇతను రెండుసార్లు అడిగాడు. మొదటిసారి అధికారి నవ్వాడట. రెండోసారి "నీ రాష్ట్రంలో ఈ పెళ్ళి నేరం, తెలుసా?" అన్నాడట. అతనిది వర్జీనియా. 1924లో చేసిన చట్టం ప్రకారం అక్కడ తెల్లవాళ్ళు తెల్లవాళ్ళనే చేసుకోవాలి. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న 48 రాష్ట్రాల్లో సగానికి పైగా ఇలాంటి చట్టాలున్నాయి. 1945 డిసెంబరు 28న వార్ బ్రైడ్స్ చట్టం వచ్చింది. సైనికుల విదేశీ భార్యలు కోటా అడ్డం లేకుండా అమెరికా రావచ్చు. అయితే భార్య అని రాసిచ్చే సంతకం అధికారి చేతిలో ఉంది. ఎవరు భార్యో, ఎవరు కాదో రంగు చూసి తేల్చారు. అతన్ని ఓడెక్కించి పంపేశారు. ఆమె రేవులో నిలబడిపోయింది.

ఇక్కడ నేనొక తప్పు చేశా. "అయితే మీ ఫ్రాన్సే నయం కదా మేమే" అన్నా. ఆమె కప్పు కింద పెట్టింది. "నల్ల సైనికుడితో తిరిగిందని మా వీధి ఆడవాళ్ళు నా మొహాన ఉమ్మారు. జర్మన్లతో తిరిగారని ఆడవాళ్ళకి గుండ్లు గీసిన చేతులే అవి" అంది. ఫ్రాన్సు కోసం పోరాడి తిరిగొచ్చిన ఆఫ్రికా సైనికులు తమకి రావాల్సిన జీతం అడిగినందుకు, 1944 డిసెంబరు 1న డాకర్ పక్కన తియారోయ్ శిబిరంలో ఫ్రెంచి సైన్యమే కాల్చి చంపింది. ఆ సంగతి కూడా ఆమె చెబితేనే నాకు తెలిసింది. ఆమెకి అమెరికా వచ్చిన చాలా ఏళ్ళకి మొగుడు చెప్పాడట.

1946 జూన్‌లో ఇంకో చట్టం వచ్చింది. సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్ళు తాము చేసుకోబోయే పిల్లని రప్పించుకోవచ్చు. వచ్చాక మూడు నెలల్లో పెళ్ళి జరగాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. అతను వర్జీనియా వదిలి, ఇలాంటి నిషేధం లేని పెన్సిల్వేనియాకి వచ్చి, పిట్స్‌బర్గ్ ఉక్కు ఫ్యాక్టరీలో చేరి డబ్బు కూడబెట్టి పంపాడు. 1947 ఏప్రిల్లో ఆమె న్యూయార్క్‌లో దిగింది. ఆ నెలలోనే పెళ్ళి. వాళ్ళ లెక్క ప్రకారం నువ్వు వార్ బ్రైడ్‌వి కావు కదా అని ఏడిపిస్తే, "ఆ యుద్ధం సంగతి వాళ్ళకేం తెలుసు" అనేది.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద మనిషి ఆమే.

అత్తగారిది దక్షిణ వర్జీనియాలో పొగాకు పండే పల్లె. నేను పుట్టింది ప్రకాశం జిల్లాలో. మా ఊళ్ళో వర్జీనియా అంటే దేశం పేరు కాదు, పొగాకు పేరు. మా అమ్మ గ్రేడింగులో ఆకు ఏరేది. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చేతులు, చీర, కొప్పు అన్నీ ఆ ఘాటే. ఆ అత్తగారూ చిన్నప్పటి నుంచి పరాయి చేలల్లో పొగాకు ఆకు కోసి, కర్రలకి కట్టి, బ్యారన్లో వేలాడదీసిన మనిషి. ఆ ఆకే సిగరెట్టయ్యి, ఆ సిగరెట్టు పేరే లె హావ్ర్ శిబిరానికి పేరయ్యి, ఆ శిబిరం బట్టలు ఉతికిన పిల్లే ఆమెకి కోడలయ్యింది.

1948లో మేమే మొదటి కాన్పుకి అత్తగారు రైల్లో వచ్చింది. వాషింగ్టన్ దాకా నల్లవాళ్ళ పెట్టెలో, అక్కణ్ణుంచి మామూలు పెట్టెలో. గుమ్మంలో కోడలిని చూసి నవ్వలా. పెట్టె కింద పెట్టి ఇలా అందట: "అమ్మాయ్, నీ మీద నాకు కోపం లేదు. నిన్ను చూస్తే నాకు నా కొడుకు శవం కనపడుతుంది." ఆ మాట చెప్పినప్పుడు మేమే గొంతులో ఏమాత్రం నొప్పి లేదు. "ఆమె చెప్పింది నిజమే కదా. అక్కడ నల్ల కుర్రాడు తెల్ల పిల్ల వంక చూశాడంటే చెట్టుకి వేలాడదీసేవాళ్ళు. ఆమె కళ్ళతో చూసింది. నేనేమో ప్రేమ అనుకుంటూ వచ్చా. ఆమెకి నేనొక ఉరితాడు" అంది.

ఆ మాట అన్న మనిషే నెల రోజులుండి పురుడు పోసింది. పాపకి రింగుల జుట్టు. ఎలా దువ్వాలో మేమేకి తెలీదు, దువ్వెన పెడితే పాప కేకలు. తర్వాత కూడా ప్రతి ఏడాదీ వచ్చి, మెట్ల మీద కూర్చుని, పాపని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నూనె రాసి, పాయలు తీసి అల్లడం కోడలికి నేర్పింది. "అదే నాకు పెళ్ళి" అనేది మేమే. "కోర్టులో సంతకం ఐదు నిమిషాలు. ఆ మెట్ల మీద నాలుగేళ్ళు పట్టింది నేను ఆ ఇంటి దాన్ని కావడానికి."

ముగ్గురు పిల్లలు. వాళ్ళని తీసుకుని బయటికెళితే తెల్ల ఆడవాళ్ళు "ఎవరి పిల్లల్ని చూసుకుంటున్నావ్?" అని అడిగేవాళ్ళు, ఆయా అనుకుని. మొగుడికి ఫ్యాక్టరీలో కోక్ బట్టీల దగ్గర పని. అన్నిటికన్నా వేడి, అన్నిటికన్నా పొగ. నల్లవాళ్ళకి ఎక్కువగా దొరికేది అదే. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ళ పేటలో కాపురం. నల్లవాళ్ళ పత్రిక 'పిట్స్‌బర్గ్ కొరియర్' పేట అది. యుద్ధకాలంలో 'రెండు విజయాలు' అని నినాదం ఇచ్చింది ఆ పత్రికే: బయట ఫాసిజం మీద ఒకటి, ఇంట్లో జాతివాదం మీద ఇంకొకటి. 1956 నుంచి పట్టణాభివృద్ధి పేరుతో ఆ పేట కింది భాగాన్ని కూలగొట్టారు. 8000 మంది ఇళ్ళు వదిలి పోయారు. ఆ స్థలంలో పెద్ద ఇనప గోపురంతో ఆటల మందిరం కట్టారు. నేనున్నప్పుడు, 2011లో, ఆ మందిరాన్నే కూలగొట్టడం మొదలెట్టారు. మేమే చూడాలంది. తీసుకెళ్ళా. కంచె పట్టుకుని చాలాసేపు నిలబడింది. "నా ఇల్లు రెండుసార్లు కూలింది. ఒకసారి బాంబులేశారు, ఒకసారి నోటీసులేశారు. బాంబులేసిన ఊరిని మళ్ళీ కట్టారు" అంది. ఇంకేం మాట్లాడలా.

వర్జీనియాకి వాళ్ళు కలిసి వెళ్ళేవాళ్ళు కాదు. వెళ్ళక తప్పనప్పుడు ఆయన కారు నడిపేవాడు, ఆమె టోపీ పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది. దారిలో ఎవరైనా ఆపితే యజమానురాలు, డ్రైవరు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళేవాళ్ళు కాదు, పిల్లల మొహాలు నిజం చెప్పేస్తాయి కాబట్టి. ఆ భయం ఊరికే రాలేదు. 1958 జులైలో వర్జీనియాలోనే మిల్‌డ్రెడ్, రిచర్డ్ లవింగ్ అనే దంపతుల పడకగదిలోకి అర్ధరాత్రి పోలీసులు దూరారు. ఆమె నల్లామె, అతను తెల్లవాడు. నేరం పెళ్ళి. ఏడాది జైలు శిక్ష వేసి, 25 ఏళ్ళు రాష్ట్రంలో కలిసి అడుగు పెట్టకపోతే అమలు చేయమన్నారు. వాళ్ళు సుప్రీంకోర్టు దాకా కొట్లాడారు. 1967 జూన్ 12న తీర్పు వచ్చింది. అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో ఉన్న ఆ చట్టాలన్నీ ఒక్క దెబ్బతో చెల్లకుండా పోయాయి.

ఆ తర్వాతి ఆదివారమే మేమే, మొగుడు, పిల్లలు కారెక్కారు. ఇరవై ఏళ్ళ కాపురంలో వర్జీనియా దారిలో ఆమె ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. దారంతా ఆయన నోరు విప్పలేదట. సరిహద్దు దాటాక చేయి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడట, మళ్ళీ వెంటనే తీసేశాడట, అలవాటు కొద్దీ. అత్తగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. కారు దూరంగా ఉండగానే లేచి నిలబడింది. దగ్గరికొచ్చాక "ముందు కూర్చున్నావే!" అంది. ఒకటే ఏడుపు. అప్పటికి ఆమె కోడల్ని చూసినప్పుడల్లా కొడుకు శవాన్ని చూస్తూ పందొమ్మిదేళ్ళు.

ఒకరోజు నేను, మన సభల్లో మాట్లాడే అలవాటు కొద్దీ, "మీరు చాలా త్యాగం చేశారు మేమే" అన్నా. ఆమెకి నిజంగా కోపం రావడం ఆ ఒక్కసారే చూశా. "ఆ మాట నా ఇంట్లో అనకు. నేను త్యాగం చేశానంటే ఆయన తక్కువవాడనేగా? నేను కిందికి దిగానంటే ఆ మెట్లు ఉన్నాయని ఒప్పుకున్నట్టేగా? నేను ఒక మంచివాణ్ణి చేసుకున్నా. అంతే."

ఆ రోజు నుంచి 'ఆదర్శ వివాహం' అనే మాట నా నోటికి అడ్డం పడుతుంది. మనవాణ్ణి చేసుకున్న పిల్లని స్టేజీ ఎక్కించి దేవతని చేస్తాం. అలా చేసినప్పుడు మనోడి పక్కన నిలబడటమే గొప్ప త్యాగమని మనమే మైకులో చెబుతున్నట్టు కాదా? ఆలోచించండి.

2013లో ఇండియా వచ్చేశా. నెలకోసారి ఫోన్ చేసేవాణ్ణి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆస్పత్రి ముందు ప్రణయ్‌ని నరికి చంపారు, కడుపుతో ఉన్న అమృత కళ్ళముందే. ఆ వారమంతా ధర్నాలు, ప్రెస్‌మీట్లు, పోస్టులు. మేమేకి ఫోన్‌లో అంతా చెప్పా. సుపారీ, కోటి రూపాయల మాట, ఆస్తి, కులం, రాజకీయం. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది: "ఆ పిల్ల దగ్గర ఎవరున్నారు?"

అత్తమామల దగ్గరే ఉందని చెప్పా. "మంచిది" అంది. కాసేపాగి, "మరి ఐదేళ్ళ తర్వాత?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నవంబరులో మేమే పోయింది. మనవరాలు మెసేజ్ పెట్టింది. నిద్రలోనే, నొప్పి లేకుండా.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లా. ముందు మన ఉద్యమం వైపు చూశా. బాబాసాహెబ్ 1936లోనే, కులం పోవడానికి కులాంతర వివాహమే అసలైన మందు అని రాశారు. 1948 ఏప్రిల్ 15న ఆయన డాక్టర్ శారదా కబీర్‌ని చేసుకున్నారు. సారస్వత బ్రాహ్మణ కుటుంబం. పెళ్ళయ్యాక సవితా అంబేద్కర్. జబ్బుతో ఉన్న ఆయనకి ఎనిమిదేళ్ళు మందూ తిండీ చూసింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన పక్కనే నిలబడి బౌద్ధం తీసుకుంది. డిసెంబరు 6న ఆయన పోగానే మనవాళ్ళే ఆమె మీద అనుమానం పెట్టుకున్నారు. చంపేసిందన్నారు. దానికి ఆధారం ఏదీ దొరకలేదు, అయినా నింద పోలేదు. ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికింది. 1970ల్లో దళిత్ పాంథర్ యువకులు వెళ్ళి మళ్ళీ పలకరించారు. 1990లో బాబాసాహెబ్ భారతరత్న అందుకుంది ఆమె చేతులే. 2003 మే 29న, 94 ఏళ్ళకి పోయింది. బాబాసాహెబ్‌తో 8 ఏళ్ళు, ఆయన లేకుండా 46 ఏళ్ళు. ఆ 46 ఏళ్ళ గురించి మన సభల్లో ఎప్పుడైనా విన్నారా? నేను వినలా. చెప్పనూ లేదు.

తర్వాత నా వైపు చూసుకున్నా. ఇది రాయడం కష్టంగా ఉంది.

2007లో నా స్నేహితుడి పెళ్ళి రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది. ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. నోటీసు బోర్డు మీద ఉన్న ఆ నెలంతా అమ్మాయిని మేమే దాచాం. పెళ్ళయ్యాక పూలదండలు, ఫొటో, నా ఉపన్యాసం. తర్వాత నేను అమెరికా వెళ్ళిపోయా. 2014లో అతన్ని లారీ గుద్దింది. ఆ పిల్లకి పుట్టింటి గడప ఎప్పుడో మూసేశారు. అత్తింట్లో బావగారు, ఉన్న ఒకటిన్నర సెంటు స్థలంలో వాటా అడుగుతుందేమోనని మాట్లాడటం మానేశాడు. 2016లో నాకు ఫోన్ చేసింది. రోహిత్ కోసం రోడ్ల మీద ఉన్న రోజులు. "చెల్లెమ్మా, మీటింగులో ఉన్నా, మళ్ళీ చేస్తా" అన్నా. చేయలా. ఇంకోసారి చేసింది. ఎత్తలా.

2018 డిసెంబరులో వెతుక్కుంటూ వెళ్ళా. ఒక చిన్న టౌన్లో రేకుల గది, కుట్టుమిషను. తలుపు తీసి నన్ను చూసి, "అన్నా, ఇప్పుడు గుర్తొచ్చానా?" అంది. అంతే, మంచినీళ్ళిచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఆమెకి కావాల్సింది డబ్బు కాదు. తొమ్మిదేళ్ళ పాపకి గురుకులం సీటు కావాలి. దానికి కులం సర్టిఫికెట్ కావాలి. ఆఫీసులో "నువ్వు ఓసీవి కదమ్మా, నీ బిడ్డ ఎస్సీ ఎట్లా అవుద్ది?" అని ఏడాదిగా తిప్పుతున్నారు. తండ్రి సర్టిఫికెట్ బావగారి దగ్గరుంది, ఇవ్వడు. తండ్రి తరఫు మనిషి వచ్చి చెప్పాలి, ఎవరూ రారు. పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవాడు ఊళ్ళూ దేశాలూ తిరుగుతూ కులనిర్మూలన గురించి మాట్లాడుతున్నాడు.

మూడు నెలలు ఆమె వెంట తిరిగా. చివరికి పని చేసింది నా చట్టం పుస్తకం కాదు. పల్లె నుంచి ఆమె అత్తగారు, పెద్దకొడుక్కి చెప్పకుండా, ఆటో ఎక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులు. ఆఫీసు మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. "ఇది నా కొడుకు బిడ్డ. మా పల్లె పిల్ల. ఎక్కడ వేలు పెట్టమంటారయ్యా?" అంది. వేలిముద్ర వేశాక బయట అరుగు మీద కూర్చుని మనవరాల్ని దగ్గరికి లాక్కుని చింపిరి జుట్టు వేళ్ళతో చిక్కు తీయడం మొదలెట్టింది. నేను పక్కకెళ్ళి నిలబడ్డా. ఫోన్ చేసి చెప్పడానికి మేమే లేదు.

హాస్టల్లో అడిగిన ఆ ఇద్దరికి నా జవాబు ఇది. పెళ్ళి చేద్దాం. దండలు మార్పిద్దాం. స్టేజీ మీద త్యాగం అనే మాట ఎవరూ అనకుండా నేను చూసుకుంటా. దానికంటే ముందు ఒక కాగితం తీసుకోండి. కాన్పుకి ఎవరు వస్తారు, సర్టిఫికెట్టుకి ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు, ఒకరు లేకుండా పోతే రెండోవాళ్ళ ఫోన్ రాత్రి రెండింటికి ఎవరు ఎత్తుతారు, పేర్లు రాయండి. ఐదుగురి పేర్లు. చప్పట్లు కొట్టిన కుర్రాళ్ళని కూడా అడగండి, వాళ్ళ పేరు రాయమంటారా వద్దా అని. ఆ అబ్బాయి వాళ్ళమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళండి. ఆమె భయపడితే కోప్పడొద్దు. ఆమె ఏం చూసి భయపడుతుందో నాకు తెలుసు.

కాగితంలో మొదటి పేరు నాది రాయండి. ఈసారి ఫోన్ ఎత్తుతా.

జై భీమ్.